ఆకేసిన సీటు

ఒక పెద్ద అడవి ఉండేది. ఎంత పెద్దదంటే, అందులో పుట్టి అందులోనే ముసలివైన జంతువులకి కూడా దాని అంచు ఎక్కడుందో తెలియదు. అంత పెద్ద అడవిలో కూర్చోవడానికి చోటు కరువైందన్న సంగతి, జంబయ్య అనే నక్క పట్నం నుంచి తిరిగొచ్చాకే అందరికీ తెలిసింది.

అంతకుముందు కూర్చోవడం అక్కడ పెద్ద విషయమే కాదు. కాళ్ళు లాగితే కూర్చునేవాళ్ళు, ఆకలేస్తే లేచేవాళ్ళు. ఒక్క వానాకాలంలో మాత్రం కొంచెం ఇబ్బంది ఉండేది.

అడవి మధ్యలో ఒక వాగు, వాగు ఒడ్డున నల్లటి పెద్ద బండ. వాగు పొంగినప్పుడల్లా పల్లంలో ఉండేవాళ్ళంతా ఆ బండ ఎక్కేవాళ్ళు. ముందు వచ్చినవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. వెనకొచ్చినవాళ్ళు "కొంచెం జరగండి" అనేవాళ్ళు. ముందువాళ్ళు గొణుక్కుంటూ జరిగేవాళ్ళు. ఏనుగు తొండం పైకెత్తి పెట్టుకునేది, ఎలుగుబంటి ఒళ్ళంతా ముడుచుకునేది. అందరికన్నా ఆఖర్న ముళ్ళపంది కంపయ్య తడుస్తూ వచ్చి "నేనొకణ్ణి ఉన్నాను" అంటే, "అబ్బా, గుచ్చుకుంటున్నాయయ్యా!" అని తిడుతూనే అతనికీ చోటిచ్చేవాళ్ళు.

అంతమంది ఆ బండ మీద ఎలా పట్టేవాళ్ళో ఎవరికీ తెలియదు. లెక్కవేసి చూస్తే పట్టరు. ఎవరూ లెక్కవేయలేదు గనక పట్టేవాళ్ళు.

జంబయ్య పట్నంలో ఒక బస్టాండు క్యాంటీను వెనక కాపురం ఉండి వచ్చాడు. మిగిలిపోయిన గారెలూ, ఎంగిలి విస్తళ్ళూ తిని బాగా ఒళ్ళు చేశాడు. నడక మారింది, మాట మారింది. వచ్చిన వారానికే అడవి సంఘం సభలో లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షా, వాగు పొంగినప్పుడు బండ మీద తమరు ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగాడు.

సంఘానికి అధ్యక్షుడు ఏనుగు. ఆయనకి ఆ పదవి ఒంటి బరువును బట్టి వచ్చింది. "ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ," అన్నాడాయన.

వినరాని మాట విన్నట్టు జంబయ్య కళ్ళు మూసుకున్నాడు. "ఎంత మాట! తమరి హోదా ఏమిటి, ఖాళీ చూసుకుని కూర్చోవడమేమిటి! పట్నంలో తమలాంటి వారికి సీటు ఉంటుంది."

"సీటా? అదేం చెట్టు?" అన్నాడు ఎలుగుబంటి. అతను సంఘంలో కోశాధికారి. కోశమంటే తేనె.

"చెట్టు కాదండీ, ఒక ఏర్పాటు. పట్నంలో మనిషి జీవితమంతా దాని చుట్టే తిరుగుతుంది. పిల్లాడికి ఇంకా పాలపళ్ళైనా రాకముందే బళ్ళో సీటు చూస్తారు. పెద్దయ్యాక ఇంజనీరింగు సీటో, డాక్టరు సీటో రావాలి. ఉద్యోగమొస్తే ఆఫీసులో సీటు. ఏ ఉద్యోగమూ రానివాడికి అసెంబ్లీ సీటు. రైలెక్కితే కిటికీ పక్క సీటు, సినిమాకెళ్తే వెనక సీటు, సన్మానానికెళ్తే ముందు సీటు."

"ఇన్నిటికీ ఒకటే మాటా? మరి అర్థం?"

"మాట ఒకటే, వాడకాలు వంద. అర్థం మాత్రం ఒకటేనండీ. నాకుంది, నీకు లేదు."

సభలో చిన్న కలకలం బయల్దేరింది. ఆ అర్థం విన్న ప్రతివాడూ తనని 'నాకుంది' అనేవైపే ఊహించుకున్నాడు. మనలో ఎవరమైనా అంతే కదా.

జంబయ్య గొంతు తగ్గించాడు. "బస్టాండులో నేను కళ్ళారా చూసింది చెబుతాను. బస్సు వస్తుంది. ఇంకా ఆగదు. కిటికీలోంచి ఒక తువ్వాలు లోపల పడుతుంది. అంతే, ఆ సీటు ఆయనది. ఆయన కింద నిలబడి టీ తాగుతుంటాడు. లోపల ముసలమ్మ కడ్డీ పట్టుకుని నిలబడి ఉంటుంది. తువ్వాలు మాత్రం దర్జాగా కూర్చుని ఉంటుంది."

"ముసలమ్మ ఆ గుడ్డ తీసి పక్కన పెట్టొచ్చుగా?" అన్నాడు వెనక నుంచి కంపయ్య.

"తీయదు. తిట్టుకుంటుంది, మూలుగుతుంది, కానీ తీయదు. దాన్నే నాగరికత అంటారు."

ఏనుగుగారి కళ్ళు చెమర్చాయి. కిందటి వానాకాలం కంపయ్య ముల్లొకటి తన తుంటిలో దిగి నెల్లాళ్ళు సలిపిన సంగతి ఆయన మరిచిపోలేదు. ఎలుగుబంటి ముక్కు ఎవరో తొక్కారు, అది అతనికీ గుర్తుంది. ఇకనుంచి బండంతా సీట్లుగా విడదీయాలనీ, అడవిలో తువ్వాళ్ళు లేవు గనక టేకాకు వాడాలనీ అక్కడికక్కడే తీర్మానమైంది. ఆకు వేసి ఉంటే ఆ సీట్లో మనిషి ఉన్నట్టే లెక్క. ఒకరి ఆకు ఇంకొకరు తీయకూడదు. సీట్ల వ్యవహారం మొత్తం జంబయ్య చూస్తాడు.

అప్పుడు ఒక దుప్పి ముందుకొచ్చింది. ఆమె పేరు చుక్కమ్మ. కిందటి ఎండాకాలం నీళ్ళకి దిగుతూ జారిపడి ముందుకాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. వాగు పొంగితే, బండ మీద చోటు దొరకనివాళ్ళు ప్రాణాలు దక్కించుకోవడానికి తూర్పుగుట్ట దాకా పరుగెత్తగలరు. చుక్కమ్మ పరుగెత్తలేదు. బండ ఒక్కటే ఆమెకి దిక్కు.

"అయ్యా, ఆ బండ అందరిదీ కదా," అంది. "జరిగి కూర్చుంటే అందరం పడతాం కదా. ఇన్నాళ్ళూ పట్టాం కదా."

"జరిగితే అందరికీ చోటొస్తుందమ్మా, కాదనను," అన్నాడు జంబయ్య ఎంతో మర్యాదగా. "కానీ అందరికీ వచ్చేదాన్ని సీటు అని ఎవడంటాడు?"

సభ చప్పట్లు కొట్టింది. ఆమె అడిగినదానికి జవాబు రాలేదని ఎవరూ గమనించలేదు.

సరే, అందరిలాగే తనూ సీటు సంపాదించుకుందామని చుక్కమ్మ బయల్దేరింది. కంపయ్యకీ సీటు లేదు గనక తోడు వెళ్ళాడు. వరసకి అన్నాచెల్లెళ్ళేం కారు. ఎవరూ దగ్గరికి రానివ్వని ముళ్ళపందీ, ఎవరి వెంటా పరుగెత్తలేని దుప్పీ ఒకరికొకరు దొరికారు, అంతే.

మొదట ఏనుగుగారి దగ్గరికి వెళ్ళారు.

"సీటు కావాలంటే సీటుకి నిలబడాలమ్మా. ఎన్నికలు పెడుతున్నాం," అన్నాడాయన.

"కూర్చోవడానికి నిలబడాలా దొరా? నిలబడడమే నాకు కష్టం."

"ప్రజాస్వామ్యం మరి. నేనూ నిలబడుతున్నాను చూడు."

ఆయన నిలబడ్డాడు. ఆయన మీద పోటీకి నామినేషన్ వేద్దామని ఒక అడవిదున్న తన పేరున్న ఆకుతో వచ్చింది గానీ, ఆ ఆకు మీద ఏనుగుగారు పొరపాటున కాలు వేశారు. ఆ తర్వాత దున్న కాలి మీద కూడా పొరపాటున వేశారు. బండ నడినెత్తిన ఉన్న నాలుగు పెద్ద సీట్లు ఆయనకి ఏకగ్రీవంగా వచ్చాయి.

తర్వాత ర్యాంకు సీట్లు. వాటికి పరీక్ష పెట్టారు. ప్రశ్న జంబయ్యే తయారుచేశాడు. 'సీటు అంటే ఏమిటి?' అన్నది ప్రశ్న. చుక్కమ్మ 'కూర్చునే చోటు' అని చెప్పింది. సున్నా వచ్చింది. కంపయ్య 'ఇంకొకడు జరిగితే వచ్చేది' అని చెప్పాడు. అతన్ని వచ్చే పరీక్షలకి కూడా రావద్దన్నారు. ఎలుగుబంటిగారి పెద్దకొడుకు పరీక్షలో నిద్రపోయాడు. అయితే అదే సాయంత్రం జంబయ్య గుహకి ఒక నిండు తేనెపట్టు చేరింది. కుర్రాడికి యాజమాన్యం కోటాలో సీటొచ్చింది. వాగు వైపు, గాలి బాగా వచ్చే సీటు.

"ఇక ఆఫీసులో అడుగుదాం చెల్లెమ్మా," అన్నాడు కంపయ్య. "అర్జీ పెట్టుకుంటే కాదంటారా?"

సీట్ల ఆఫీసంటే ఒక చదును రాయి. ఆ రాయి కొంగది. జంబయ్య కింద గుమాస్తాగా కొంగని వేశారు. వీళ్ళు వెళ్ళేసరికి రాయి మీద టేకాకు ఉంది గానీ కొంగ లేదు. కాస్త అవతల, మడుగులో ఒంటికాలి మీద నిలబడి చేపల కోసం చూస్తోంది.

"అయ్యా కొంగగారూ!" అని పిలిచింది చుక్కమ్మ.

"నేనిప్పుడు సీట్లో లేను. సీట్లో ఉన్నప్పుడు రండి," అంది కొంగ తల తిప్పకుండానే.

"ఎప్పుడుంటారండీ?"

"ఆకు కనబడ్డంలా? ఎప్పుడూ ఉన్నట్టే."

"ఉన్నట్టయితే మా గోడు వినండి మరి!" అన్నాడు కంపయ్య. అతనికి కోపమొస్తే ముళ్ళన్నీ నిక్కబొడుచుకుంటాయి.

"సీటు ముందర చెప్పుకోండి. ఎవరు కాదన్నారు?"

కంపయ్య నోటికొచ్చినట్టు తిట్టబోయాడు. చుక్కమ్మ అతన్ని ఆపింది. వంకర కాలు మీదే వంగి, ఆ ఆకు ముందర నిలబడి, తన కాలు ఎలా విరిగిందో, తూర్పుగుట్ట ఎంత దూరమో, వాగు పొంగితే తనకి ఇంకో దారి లేదనీ అంతా చెప్పుకుంది. మధ్యలో ఏడుపొచ్చింది. తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది, ఆకుకి సరిగ్గా అర్థమైందో లేదోనని. ఎగతాళికి అన్న మాటని ఆమె నిజమనుకుంది.

"మీ పేరు వెయిటింగులో పెట్టాం," అంది కొంగ, ఒక చేపని మింగాక.

ఎండాకాలం ముగిసేసరికి బండ నల్లగా కనబడడం మానేసింది. అంతా ఆకులే. ఏనుగుగారు తనకీ, భార్యకీ, ఇంకా పుట్టని మనవడికీ ఆకులు వేయించారు. ఎలుగుబంటి తేనెకుండలకి వేరే సీటు తీసుకున్నాడు. ఎండ కాచుకోవడానికి ఎప్పుడూ అక్కడికొచ్చే తొండల్ని తరిమేశారు. సీటున్నవాళ్ళు రోజూ ఒకసారి వచ్చి తమ ఆకు చూసుకుని, పక్కవాడి ఆకు తమవైపు జరిగిందేమోనని అనుమానపడి వెళ్ళిపోయేవాళ్ళు. బండ మీద కూర్చోవడం మాత్రం ఎవరూ కూర్చోలేదు. అప్పుడు అవసరం లేదు కదా.

ఒకరోజు మధ్యాహ్నం పైన కొండల్లో మబ్బు విరిగి పడింది. వాగు ఎర్రగా, నురగలు కక్కుకుంటూ వచ్చింది. పల్లం జంతువులన్నీ పడుతూ లేస్తూ బండ దగ్గరికి చేరాయి.

ఏనుగుగారు తన నడినెత్తి సీటు వైపు కాలెత్తి, ఆగారు. ఆయన ఆకు కింద ఇంకో ఆకు ఉంది. దాని కిందా ఒకటుంది. ఆ సీటే కాదు, బండ మీద ఏ ఆకు ఎత్తి చూసినా కింద ఇంకో రెండు ఉన్నాయి. ఎన్నికల్లో గెలిచినవాడికీ, పరీక్షలో నెగ్గినవాడికీ, తేనె పంపినవాడికీ జంబయ్య అవే సీట్లు ఇచ్చాడు.

"ఇది నేను గెలిచిన సీటు!" అన్నాడు ఏనుగు.

"అది మావాడి కోటా సీటండీ!" అన్నాడు ఎలుగుబంటి.

"మేం పండగ నాడే ఆకేసుకున్నాం!" అని అడవిపందులు అరిచాయి.

"తగువు తేలేదాకా ఎవరూ ఎక్కడానికి వీల్లేదు," అంది కొంగ. "ఒకరి ఆకు ఒకరు తొక్కకూడదు. తీర్మానం మీరందరూ కలిసి చేసిందే."

వింటే నమ్మరు గానీ, ఎవరూ ఎక్కలేదు. మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చినా కిందే నిలబడి వాదించుకున్నారు. ఎదురుగా బండ ఖాళీగా ఉంది. చుక్కమ్మకి నీళ్ళు కడుపు దాకా వచ్చేశాయి. ప్రవాహం లాగేస్తుంటే వంకర కాలు నిలవడం లేదు.

"అయ్యా! బండ ఖాళీగా ఉందయ్యా!" అని అరిచింది.

"ఖాళీ ఎక్కడుందమ్మా? అంతా ఫుల్లు," అంది కొంగ, ముక్కుతో ఆకుల్ని చూపిస్తూ.

జంబయ్య అందరి మధ్యా నిలబడి, ఒక కమిటీ వేద్దామని సర్దిచెబుతున్నాడు. అతని మాట పూర్తికాకుండానే పెద్దగాలి విసిరింది. బండ మీది ఆకులన్నీ ఒక్కసారిగా లేచి, గిరగిరా తిరిగి వాగులో పడ్డాయి.

బండ శుభ్రంగా కడిగినట్టు బయటపడింది. ఇప్పుడైనా ఎక్కుతారనుకుంటాం. లేదు. "నా సీటు! నా సీటు కొట్టుకుపోతోంది!" అంటూ అందరూ వాగులోకి దూకారు. ఏనుగు తొండంతో ఒక ఆకుని పట్టుకుని, అది తనదో ఎలుగుబంటిదో తెలియక అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. టేకాకులు అన్నీ ఒకేలా ఉంటాయని ఎవరికీ అంతదాకా తట్టలేదు.

"చెల్లెమ్మా, మనకి వెతుక్కోవడానికి ఆకు లేదుగా. ఎక్కు!" అన్నాడు కంపయ్య.

చుక్కమ్మ ఎక్కబోయింది. తడి కాలు బండ మీద జారింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ జారింది. కంపయ్య వెనక్కి తిరిగి, తన ఒళ్ళంతా బిగబట్టి ఆమెని వెనకనుంచి ఒక్క తోపు తోశాడు. ముళ్ళు నాలుగైదు లోపలికి దిగాయి. ఆ మంటకి చుక్కమ్మ కాలు విరిగిన సంగతే మరిచిపోయి ఒక్క గెంతు గెంతింది. కళ్ళు తెరిచేసరికి బండ మీద ఉంది.

బతికాను అనుకుంది. ఆమెకి ముందు కలిగిన ఆలోచన మంచిదే. "రండయ్యా! పైకి రండి! ఇక్కడ బోలెడు చోటుంది!" అని గొంతు చించుకుని పిలిచింది.

ఆ పిలుపుతో అందరికీ తెలివొచ్చింది. ఆకులు వదిలేసి ఎగబడ్డారు. ఒక్క జంబయ్య మాత్రం రాలేదు. అతని నోట్లో ఒక ఆకు ఉంది, నడినెత్తి సీటుదే అని అతని నమ్మకం. ఎవరినైనా సాయం పిలవాలంటే నోరు తెరవాలి. తెరిస్తే ఆకు పోతుంది. అతను తెరవలేదు. ఆకుతో సహా వాగు మలుపు తిరిగి కనబడకుండా పోయాడు.

పైకొచ్చినవాళ్ళు కూర్చున్నారు. కానీ నెలల తరబడి సీట్ల గురించే ఆలోచించారు గనక, కూర్చున్న ప్రతివాడూ సీటంత కూర్చున్నాడు. ఏనుగు తొండం ఎత్తలేదు. ఎలుగుబంటి ముడుచుకోలేదు. సగంమందితోనే బండ నిండిపోయింది. మిగతావాళ్ళు తూర్పుగుట్ట వైపు పరుగు తీశారు.

తొక్కిసలాటలో పక్కకి తోసేయబడ్డ కంపయ్య, మెడదాకా నీళ్ళలో ఈదుకుంటూ చుక్కమ్మ ఉన్న అంచు దగ్గరికి చేరాడు. అతనికి పొట్టి కాళ్ళు, గుట్ట దాకా పరుగెత్తే ఓపిక లేదు. చుక్కమ్మ వంకర కాలు బారజాపుకుని కూర్చుని ఉంది. ఆ కాలు పక్కన ఒక ముళ్ళపందికి సరిపడా చోటుంది.

"చెల్లెమ్మా," అన్నాడు రొప్పుతూ, "కొంచెం జరుగు."

చుక్కమ్మ జరుగుదామనే అనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ ఆ పూటే మొదటిసారి ఆమె ఒంటి కింద పొడిగా, వెచ్చగా, ఎవరూ లేవమనని చోటు ఉంది. కాలు ముడిస్తే నొప్పెడుతుంది. ఇతను ఎక్కితే ఇతని వెనక ఇంకొకరు వస్తారు. ఒకసారి జరిగితే ఇక జరుగుతూనే ఉండాలి. ఇదంతా ఆమెకి ఒక్క క్షణంలో తోచింది. ఎంత న్యాయంగా తోచిందంటే, ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదా అనిపించింది.

"కాలు చాలా నొప్పిగా ఉందన్నా," అంది. "పైగా నీ ముళ్ళు."

కంపయ్య తన ముళ్ళని ఒంటికి అదుముకుని, బండ అంచుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"అయినా ఇది నా సీటు కదన్నా," అంది చుక్కమ్మ, తల అవతలికి తిప్పుకుని.

కంపయ్య అంచు వదిలేశాడు. కొంగ రాయి ముందర ఆకుతో మాట్లాడుతున్న చుక్కమ్మని ఆ రోజు అతను చూశాడు. ఈ రోజు ఆ ఆకు జవాబిచ్చింది. పక్కనుంచి ఒక మాను కొట్టుకుపోతుంటే దాన్ని కరుచుకుని పోయాడు.

వరద తగ్గింది. జంబయ్య ఎక్కడో దిగువ అడవిలో తేలాడనీ, అక్కడి జంతువులు అతని నోట్లో ఆకు చూసి ఇదేమిటని అడిగాయనీ, అతను చెప్పడం మొదలుపెట్టాడనీ వార్త వచ్చింది. మన అడవిలో సంఘం మళ్ళీ సమావేశమైంది. వరదలో అందరికన్నా ముందు బండ ఎక్కి దారి చూపించినందుకు చుక్కమ్మకి సన్మానం చేసి, శాశ్వత సీటు ఇచ్చారు. సన్మానం అయ్యాక ఆమె మేతకి వెళుతూ తన చోట్లో ఒక టేకాకు వేసింది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి పెట్టింది. అంతదాకా అడవిలో అంత పెద్దవాళ్ళకి కూడా రాని ఆలోచన అది.

కొన్నాళ్ళకి కంపయ్య తిరిగొచ్చాడు, సగం ముళ్ళు ఊడిపోయి. ఇప్పుడతను ప్రతి సభలోనూ వెనక నిలబడి, "బండ అందరిదీ! జరిగితే అందరం పడతాం!" అని అరుస్తున్నాడు. చుక్కమ్మ ముందు వరసలో కూర్చుని ఆ మాట వింటుంది.

"మంచివాడే," అంటుంది పక్కనున్న ఎలుగుబంటితో. "పాతకాలంవాడు, ఏం చేస్తాం."

నీతి: న్యాయం అన్న మాట నాలుగు కాలాలపాటు వినబడాలంటే, ఎవడో ఒకడికి ఎప్పటికీ సీటు దొరక్కూడదు.